చిన్నప్పటి టీవీ గేమ్స్‌లో మీ చేతులకు ఇప్పటికీ గుర్తున్నది ఏది?

రెండో_ప్లేయర్

అందరికీ నమస్తే. ఫేవరెట్ రెట్రో గేమ్ ఏది అని అడిగితే అందరం అవే నాలుగు పేర్లు చెప్తాం కాబట్టి కొంచెం మార్చి అడుగుతున్నా. కళ్లు మూసుకుని ఉండగా ఎవరైనా కంట్రోలర్ చేతిలో పెడితే బొటనవేలు దానంతట అదే కదిలిపోయే గేమ్ మీకు ఏది?

నాకు బ్యాటిల్ సిటీ. ఆ పేరు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అప్పట్లో మాకు అది ట్యాంకుల గేమ్ అంతే. 1985లో నామ్‌కో ఫామికామ్ కోసం, అంటే నింటెండో వాళ్ల టీవీ గేమ్ మెషీన్ కోసం చేసింది. కింద మధ్యలో గద్ద బొమ్మ, చుట్టూ ఇటుకల గోడ, పైనుంచి స్టేజ్‌కి 20 ట్యాంకులు దిగుతాయి. మన దగ్గర ఎన్ని లైఫులున్నా సరే, గద్దకి ఒక్క గుండు తగిలిందా, గేమ్ ఓవర్. అక్కది పసుపు ట్యాంకు, నాది పచ్చది. అక్క పైకి వెళ్లి ఒక్కొక్కదాన్నీ పేల్చుకుంటూ వచ్చేది, నేను గద్దకి కుడి పక్కన కాపలా. తోటి ట్యాంకుని కాలిస్తే అది చావదు కానీ కాసేపు మిణుకుమిణుకుమంటూ ఉన్నచోటే ఉండిపోతుంది, కంగారులో అక్కని ఎన్నిసార్లు అలా ఆపేశానో లెక్కలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ గేమ్‌లో కన్‌స్ట్రక్షన్ అని ఒక ఆప్షన్ ఉంది, స్టేజ్ మనమే కట్టుకోవచ్చు. అడ్డంగా 13 గళ్లు, నిలువుగా 13 గళ్లు. పవర్ తీస్తే కట్టిందంతా పోతుంది. అందుకని అక్క లెక్కల నోట్‌బుక్‌లో 13 గళ్ల చదరం గీసి, ఇటుకకి అడ్డగీతలు, నీళ్లకి అలలు, చెట్లకి చుక్కలు, ఇనుముకి గడి నిండా పెన్సిల్ రుద్ది మొత్తం స్టేజ్ రాసిపెట్టుకుంది. ప్రతిసారీ ఆ పేజీ చూసి మళ్లీ కట్టేది. ఈ వారం పాత పుస్తకాలు సర్దుతుంటే ఆ పేజీ దొరికింది. మడత పడిన చోట, కింద నుంచి రెండో వరుసలో మూడు గళ్లు చెరిగిపోయాయి. ఎడమ నుంచి 4వది, 9వది, 10వది. అవి ఏమిటో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. కన్సోల్ ఉంది, క్యాసెట్ కూడా ఉంది, కానీ పెడితే స్క్రీన్ మీద చిందరవందర గళ్లు తప్ప ఏమీ రావట్లేదు.

ముందు మీ గేములు చెప్పండి.


ఎనిమిది_బిట్లు

బ్యాటిల్ సిటీ పేరుతో మొదలుపెట్టారు, అక్కడే నేను పడిపోయా. అయినా నా వేళ్లకు గుర్తున్నది సూపర్ మారియో బ్రదర్స్ 3-1లో, అంటే మూడో ప్రపంచం మొదటి స్టేజ్‌లో, మెట్ల మీది తాబేలే. స్టేజ్ చివర మెట్లు దిగుతూ వచ్చే తాబేలుని సరైన మెట్టు దగ్గర తొక్కితే డిప్ప ఆ మెట్టుకి కొట్టుకుని మళ్లీ మన కాలి కిందకే వస్తుంది, అలా ఎగురుతూ ఉంటే పాయింట్లు పెరిగి పెరిగి ఒక దశ దాటాక ప్రతి దెబ్బకీ ఒక లైఫ్ వస్తుంది. ఆ లయ ఇప్పటికీ నా ఎడమ బొటనవేల్లో ఉంది. ఒక్కటి జాగ్రత్త, లైఫులు 128కి చేరాక చనిపోతే నేరుగా గేమ్ ఓవర్, ఎందుకంటే 127 దాటిన ఆ అంకెని గేమ్ మైనస్ కింద లెక్కేసుకుంటుంది. అంత కష్టపడి పోగేసి ఒక్క గుంటలో పడి మొత్తం పోగొట్టుకున్న రోజు నేను నిజంగా ఏడ్చాను.

ఆ గేమ్ మొత్తం 40 కిలోబైట్లు. మీ ఫోన్లో ఒక చిన్న ఫోటో దానికంటే చాలా పెద్దది. 8 ప్రపంచాలు, 32 స్టేజ్‌లు, పాటలతో సహా అందులోనే పట్టించారు. ఎలా అంటే ప్రతిదీ పొదుపే, ఆకాశంలో మేఘం, నేల మీద పొద ఒకే బొమ్మ, రంగు ఒక్కటే తేడా. అది ఎవరో చూపించిన రోజు నుంచి మేఘాన్ని చూస్తే పొదే కనిపిస్తుంది.


పిక్సెల్_పావురం

నాది డక్ హంట్. పిస్టల్ పట్టుకుని టీవీకి ఆనుకుని నిలబడేదాన్ని, వెనక్కి జరగమని మా అన్నయ్య గోల. బాతు తప్పిపోతే గడ్డిలోంచి లేచి నోరు మూసుకుని నవ్వే ఆ కుక్క మీద కోపం నాకు ఇంకా చల్లారలేదు, దాన్ని ఎన్నిసార్లు కాల్చినా తగలదు.

ఒక సందేహం. ఆ పాత సెట్‌నే మొన్న కొత్త టీవీకి పెట్టాను. గేమ్ వస్తోంది, కంట్రోలర్ పనిచేస్తోంది, గన్ మాత్రం ఒక్క బాతుకీ తగలట్లేదు. గన్ పాడైందంటారా?


టంకం_వాసన

పావురం గారూ, గన్ బాగానే ఉండుంటుంది, పారేయకండి. అది ఎలా పనిచేస్తుందో చెప్తాను, విన్నాక మీకే అర్థమవుతుంది.

ఆ గన్ నుంచి టీవీ వైపు ఏమీ వెళ్లదు. దాని గొట్టం లోపల ఉన్నది వెలుతురుని గమనించే ఒక చిన్న సెన్సార్, అంతే. మీరు ట్రిగ్గర్ నొక్కగానే గేమ్ స్క్రీన్ మొత్తాన్ని ఒక క్షణం నల్లగా చేస్తుంది, వెంటనే బాతు ఉన్న చోట ఒక తెల్ల చదరం గీస్తుంది. ముందు చీకటి, తర్వాత వెలుతురు కనిపిస్తే తగిలినట్టు. రెండు బాతులుంటే ఒకదాని తర్వాత ఒకటి వెలిగిస్తుంది, ఏ క్షణంలో వెలుతురు కనిపించిందో దాన్ని బట్టి ఏ బాతో తెలుస్తుంది. బల్బు వైపు గురిపెడితే మోసం చేయొచ్చు అనుకునేవాళ్లం కదా, ముందు చీకటి చూడాలన్న నిబంధన అందుకే.

ఇదంతా సెకనులో అతి చిన్న భాగంలో జరిగిపోవాలి. పాత డబ్బా టీవీలో సిగ్నల్ వచ్చిన క్షణంలోనే గీత గీతగా బొమ్మ పడేది. కొత్త టీవీ మాత్రం ఆ బొమ్మని తీసుకుని, దిద్ది, పెద్దది చేసి చూపిస్తుంది. తెల్ల చదరం మీ స్క్రీన్ మీదకి వచ్చేసరికి గేమ్ చూడటం మానేసి ఉంటుంది. దానికితోడు ఆ సెన్సార్‌ని డబ్బా టీవీ వెలుతురు తీరుకే సరిపోయేలా చేశారు. డబ్బా టీవీ దొరికితే అదే గన్‌తో ఆడి చూడండి.

ఇంకో సంగతి, ఒక్క బాతు ఆటలో రెండో కంట్రోలర్ పెడితే ఆ బాతుని ఎగరేసేది రెండో మనిషే. ఇది తెలియక ఎంతమంది తమ్ముళ్లు ఊరికే కూర్చుని చూశారో.

రెండో_ప్లేయర్ గారూ, మీ క్యాసెట్‌కి ఏం చేశారు? నోటితో ఊదారా?


రెండో_ప్లేయర్

ఊదాను. నాలుగుసార్లు. చిన్నప్పుడు అదే కదండీ మందు.


టంకం_వాసన

అందరం ఊదినవాళ్లమే. ఊదడం వల్ల బాగవదు, తీసి మళ్లీ పెట్టడం వల్ల కాంటాక్ట్ సరిగ్గా కుదిరి బాగవుతుంది. ఊదినప్పుడు వెళ్లే తడి ఆ పిన్నుల్ని మెల్లగా తినేస్తుంది. మీరు ఇలా చేయండి. చెవిలో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా ముంచి, క్యాసెట్ అడుగున ఉండే రాగి రంగు పళ్ల మీద పై నుంచి కిందకి రుద్దండి, అడ్డంగా వద్దు. పుల్ల నల్లగా వస్తుంది. నల్లగా రావడం ఆగేదాకా పుల్లలు మార్చండి. పూర్తిగా ఆరాకే పెట్టండి. నూటికి తొంభై చిందరవందర బొమ్మలు ఈ మురికి వల్లేనని నా అనుభవం.


నీలి_ముళ్లపంది

నా పేరు చూస్తేనే తెలిసిపోతుంది కదా. 1991, సోనిక్. అందరూ వేగం వేగం అంటారు, నాకు గుర్తుండిపోయింది మాత్రం వేగం కాదు, లాబిరింత్ జోన్‌లో నీళ్ల కింద ఊపిరి ఆడకపోవడం. ముందు టింగ్ టింగ్ అని హెచ్చరిక, తర్వాత మామూలు పాట ఆగిపోయి ఆ భయంకరమైన మ్యూజిక్, తల మీద 5, 4, 3 అని అంకెలు. ఎక్కడో అడుగున బుడగలు వస్తుంటాయి, చిన్నవి పనికిరావు, పెద్ద బుడగ పైకి తేలేదాకా అక్కడే నిలబడి ఆగాలి. ఆ ఆగడం ఉంది చూశారూ, నేను కూడా ఊపిరి బిగబట్టేవాణ్ణి, తెలియకుండానే. ఆ మ్యూజిక్ ఇప్పుడు విన్నా కడుపులో టెన్షన్ మొదలవుతుంది.

ఉన్నచోటే గిర్రున తిరిగి దూసుకెళ్లే స్పిన్ డాష్ 1992లో రెండో గేమ్‌తోనే వచ్చింది. ఒకసారి దానికి అలవాటు పడి మొదటిదానికి వెళ్తే చెయ్యి కిందకి నొక్కి బటన్ కొడుతూనే ఉంటుంది, సోనిక్ మాత్రం ఊరికే గెంతుతాడు. మీరడిగిన చేతి జ్ఞాపకం అంటే నాకు అదే.


కొత్త_చేయి

అన్నలూ అక్కలూ, నేను ఆ కాలం మనిషిని కాదు, ఇవన్నీ ఎమ్యులేటర్‌లో, అంటే పాత మెషీన్‌ని నకలు చేసే సాఫ్ట్‌వేర్‌లో ఆడినవాణ్ణి. నిజాయితీగా అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దు. కాంట్రా అనే షూటింగ్ గేమ్ మొదలుపెట్టి మొదటి స్టేజ్‌లోనే మూడు లైఫులూ పోయాయి. ఒక్క తూటా తగిలితే చావు, సేవ్ లేదు. చిన్నపిల్లల కోసం ఇంత కష్టంగా ఎందుకు చేశారు? నేను చచ్చినప్పుడల్లా కొంచెం వెనక్కి తీసుకెళ్లే రివైండ్ వాడి పూర్తి చేశాను, అది తప్పా?


ఎనిమిది_బిట్లు

తప్పేం లేదు తమ్ముడూ, కానీ నువ్వు ఆడింది వేరే గేమ్. కాంట్రాని ఏకధాటిగా ఆడితే అరగంటలో అయిపోతుంది. ఆ అరగంట గేమ్ మాకు నెలల తరబడి ఎందుకు సరిపోయిందంటే ప్రతిసారీ మొదటి నుంచి ఆడాల్సిందే కాబట్టి. మొదటి స్టేజ్‌లో ఏ వంతెన ఎప్పుడు పేలుతుందో, ఎస్ అక్షరం ఉన్న గుళిక ఎక్కడ ఎగురుతూ వస్తుందో, దాన్ని తీసుకుంటే ఒకేసారి ఐదు తూటాలు ఎలా విచ్చుకుంటాయో, ఇవన్నీ నేర్చుకున్నామని కూడా తెలియకుండా నేర్చుకున్నాం. రివైండ్ నొక్కినప్పుడు పోయేది అదే.


పిక్సెల్_పావురం

నేను ఒప్పుకోను ఎనిమిది_బిట్లు గారూ. అప్పుడు మనకి పగలంతా ఖాళీ, పక్కన ఆడేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చి అరగంట దొరికిన మనిషి ఆఖరి బాస్‌ని చూడాలనుకోవడం తప్పెలా అవుతుంది? అసలు మనం మాత్రం కోడ్ వాడలేదా? పైకి పైకి కిందకి కిందకి ఎడమ కుడి ఎడమ కుడి బి ఎ, స్టార్ట్. 30 లైఫులు. ఇద్దరు ఆడాలంటే స్టార్ట్‌కి ముందు సెలెక్ట్ కూడా. రివైండ్ మోసమైతే అదీ మోసమే.

ఆ కోడ్ పుట్టిందే అలా. కజుహిసా హషిమొతో అనే గేమ్ ప్రోగ్రామర్ 1986లో గ్రాడియస్ గేమ్‌ని ఫామికామ్‌కి మారుస్తున్నప్పుడు, టెస్ట్ చేయడానికి అది ఆయనకే మరీ కష్టంగా ఉందని తన కోసం పెట్టుకున్నారు. తర్వాత తీసేయకుండానే గేమ్ బయటికి వెళ్లిపోయింది. చేసినవాళ్లకే కష్టమైనప్పుడు ఆడేవాళ్లని తప్పుపట్టడం ఎందుకు? ఆయన 2020లో చనిపోయారని చదివినప్పుడు ఆ పది బటన్లూ ఖాళీ బల్ల మీద వేళ్లతో కొట్టాను.


ఎనిమిది_బిట్లు

సరే, ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. మేమూ 30 లైఫులతోనే పూర్తి చేశాం.

కానీ కొత్త_చేయికి ఒక్కటి చెప్తాను. ఇంకొకరిని కూర్చోబెట్టుకుని మూడో స్టేజ్, అదే జలపాతం స్టేజ్ ఆడి చూడు. ఇద్దరూ రాళ్ల మీదుగా పైకి ఎక్కాలి. ముందున్నవాడు గబగబా ఎక్కితే స్క్రీన్ పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. శత్రువు అక్కర్లేదు, పక్కవాడి తొందర చాలు. "ఆగు, ఆగు, వస్తున్నా" అనే అరుపు ఆ స్టేజ్‌లో అసలు మ్యూజిక్. రివైండ్‌తో అది రాదు.


కొత్త_చేయి

అర్థమైంది అన్నా. మా చెల్లిని కూర్చోబెడతా. ఇంకో చిన్న ప్రశ్న, ఎక్కువమంది శత్రువులు ఒకే వరుసలోకి వస్తే బొమ్మలు మినుకుమంటున్నాయి, ఎమ్యులేటర్ సెట్టింగ్ ఏమైనా తప్పా?


టంకం_వాసన

తప్పు కాదు, అసలు ఫామికామ్ మెషీనే అంతే. ఒక అడ్డగీత మీద 8 కదిలే బొమ్మ ముక్కలకి మించి అది చూపించలేదు. తొమ్మిదోది వస్తే మాయమైపోతుంది. అందుకని గేమ్ రాసినవాళ్లు ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కోదాన్ని వదిలేసి వంతులవారీగా చూపించేవాళ్లు, పూర్తిగా కనిపించని శత్రువు కంటే మినుకుమినుకుమనే శత్రువు నయం కదా. ర్యామ్ 2 కిలోబైట్లు మాత్రమే. అంత ఇరుకులో ఆ పని చేసినవాళ్లంటే నాకు చాలా గౌరవం.


గళ్ల_వాన

ఎవరూ టెట్రిస్ అనలేదేంటి? 1989 గేమ్‌బాయ్, ఆకుపచ్చ పసుపు కలిసినట్టుండే స్క్రీన్, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. మా ఇంట్లో ఛాంపియన్ మా అమ్మ. మిగతా ఏ గేమూ ముట్టుకునేది కాదు, ఇది మాత్రం మేం పడుకున్నాక సౌండ్ తగ్గించుకుని ఆడేది. పొడుగు కడ్డీ కోసం కుడి చివర ఒక్క గడి వెడల్పు సందు వదిలి, మిగతాదంతా గోడలా నింపి, అది వచ్చేదాకా ఆగేది. పైదాకా నిండిపోతున్నా కంగారు పడేది కాదు. ఆ ఓపిక నాకు ఇప్పటికీ రాలేదు. మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ గేమ్‌బాయ్ పవర్ ఆన్ చేస్తే హైస్కోర్లు ఉండవు, అందులో అవి సేవ్ కావు, అయినా ఆన్ చేసినప్పుడల్లా మొదట కళ్లు వెళ్లేది అక్కడికే.

ఆ మధ్య ఇంకో సంగతి చదివి ఆమెకి చెప్పాలనిపించింది. ఎన్.ఇ.ఎస్. (ఫామికామ్‌కి బయటి దేశాల్లో పేరు) టెట్రిస్‌లో 29వ లెవెల్ దాటి వెళ్లడం మనుషుల వల్ల కాదని చాలా కాలం అనుకున్నారు, ముక్కలు అంత వేగంగా పడతాయి. 2023 డిసెంబర్‌లో ఒక 13 ఏళ్ల అబ్బాయి 157వ లెవెల్ దాకా వెళ్లాడు, అక్కడ గేమే ఆగిపోయింది. అబ్బాయి కాదు, గేమ్ ఓడిపోయింది.


మెమరీ_కార్డు

గళ్ల_వాన గారూ, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను.

నేను ఒక తరం తర్వాత మనిషిని, ప్లేస్టేషన్. 128 కిలోబైట్ల మెమరీ కార్డు, 15 బ్లాకులు, తమ్ముడి సేవ్ చెరిపేస్తే ఇంట్లో యుద్ధం. 1998లో మెటల్ గేర్ సాలిడ్ అనే గేమ్‌లో సైకో మాంటిస్ అనే బాస్ వస్తాడు. మనసులు చదువుతానంటాడు. చదివి, నీకు ఫలానా గేమ్ ఇష్టం కదా అంటాడు! మా కార్డులో సేవ్ ఉన్న గేమ్ పేరే చెప్పాడు. తర్వాత కంట్రోలర్ నేల మీద పెట్టమన్నాడు, పెట్టాం, అది వైబ్రేషన్‌తో దానంతట అదే కదిలింది. మేమిద్దరం సోఫా వెనక్కి వెళ్లిపోయాం. వాణ్ణి ఎలా కొట్టినా తప్పించుకుంటాడు, మన బటన్లు ముందే తెలిసిపోతాయి వాడికి. చివరికి కంట్రోలర్ తీసి రెండో పోర్టులో గుచ్చితే అప్పుడు వాడు మన మనసు చదవలేడు. ఆ రెండో పోర్టు ఆలోచన చేసిన మనిషికి దండం పెట్టాలి. అంతవరకూ గేమ్ అంటే స్క్రీన్ లోపల జరిగేది అనుకున్నా, ఆ రోజు అది తీగ పట్టుకుని బయటికి వచ్చి నా చేతుల్ని ముట్టుకుంది.


రెండో_ప్లేయర్

క్యాసెట్ పనిచేసింది! టంకం_వాసన గారూ, ఆరు పుల్లలు నల్లగా వచ్చాయి, ఏడోది తెల్లగా వచ్చాక పెట్టాను, మొదటిసారికే టైటిల్ వచ్చింది. మీ మేలు మర్చిపోను.

ఇందాక అక్కకి ఫోన్ చేసి పేజీ ఫోటో పంపించాను. నేను అడిగేలోపే, "12వ వరుసలో 9, 10 రెండూ ఇనుమేరా" అంది. ఎందుకంత గట్టిగా గుర్తుందంటే, గద్దకి కుడి పక్కన రెండో ప్లేయర్ పుట్టే గడి సరిగ్గా ఆ 9వ గడి కిందే ఉంటుంది. పైనుంచి గుండు తగిలి నేను పోతే గేమ్ వదిలేసి లేచిపోయేవాణ్ణట. అందుకని నా తల మీద ఇనుప కప్పు పెట్టింది. ఇక నా మీదకి వచ్చేది కుడి నుంచి అడుగు వరుసలో వచ్చే ట్యాంకు ఒక్కటే, అటు తిరిగి కాలుస్తూ ఉంటే చాలు. అక్క స్టేజ్‌లో నేను ఎప్పుడూ బాగా ఆడేవాణ్ణి, మామూలు 35 స్టేజ్‌లలో అంత బాగా ఆడలేకపోయేవాణ్ణి. కారణం ఇన్నేళ్లకి తెలిసింది.

4వ గడి మాత్రం తేలలేదు. అక్క నీళ్లంటోంది, నేను చెట్లంటున్నా.


టంకం_వాసన

చాలా సంతోషం అండీ. 4వ గడి తేల్చడం సులువే. చెట్లయితే ట్యాంకు లోపలికి వెళ్లి దాక్కుంటుంది. నీళ్లయితే ట్యాంకు దాటలేదు, గుండు మాత్రం పైనుంచి పోతుంది. ఆ ఎడమ పక్క నుంచి మీకు ట్యాంకులు వచ్చేవా, ఉత్త గుండ్లు వచ్చేవా, గుర్తు తెచ్చుకోండి.


రెండో_ప్లేయర్

రెండు రకాలుగానూ కట్టి ఆడి చూశాను. చెట్లు పెట్టినప్పుడు ఎడమ నుంచి ట్యాంకు లోపలికి వచ్చేసింది, అలా వచ్చినట్టు నాకు ఒక్కసారి కూడా జ్ఞాపకం లేదు. నీళ్లు పెట్టాక అవతల ఆగిపోయి అక్కడి నుంచే కాల్చింది, గద్ద పక్కన ఇటుక రాలింది, నా వేలు నేను అనుకోకముందే ఎడమ బాణం నొక్కేసింది.

నీళ్లే. అక్కకి మెసేజ్ పెట్టాను.